వేరుశనక్కాయల బాకీ

పిట్స్‌బర్గ్‌లో అక్టోబరు పదమూడు.
పాత టేపు మోసుకొచ్చే పని నాది, పదకొండేళ్ళుగా.
మైదానం ఎప్పుడో పోయింది, కాలేజీ భవనాలు లేచాయి.
మిగిలింది ఈ ఇటుక గోడ,
దాన్ని పట్టుకు వేలాడే తీగ,
అందరికంటే ముందు ఎర్రబడ్డ నాలుగాకులు.

గోడలకు చెవులుంటాయంటారు.
దీనికి చెవులే మిగిలాయి.

ఒంటిగంటకి మీట నొక్కుతాను.
గరగరమంటూ పందొమ్మిదివందల అరవై మొదలవుతుంది.
కామెంటరీ గొంతు తొమ్మిది ఇన్నింగ్సూ కొత్తగా కంగారు పడుతుంది.
మేం మడతకుర్చీల్లో కూర్చుని
అన్నీ తెలిసి కంగారు పడతాం.

ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు తిప్పిన లియోతా పెటిఫోర్డ్
ఒళ్ళో కాగితం పెట్టుకుని స్కోరు రాస్తుంది,
ప్రతి ఏడూ అదే స్కోరు, ప్రతి ఏడూ పెన్సిల్‌తోనే.
"పెన్నుతో రాయొచ్చుగా?" అంటే
"ఏమో, ఈసారి మారితే?" అంటుంది.

మిరోన్ హుడాక్ ఉక్కు ఫ్యాక్టరీ మనిషి, ఫుట్‌బాల్ భక్తుడు.
సాండ్‌విచ్ కోసం వస్తాడని మా అనుమానం.
"నిలబడి నిలబడి ఉమ్మేసే ఆట, ఇదీ ఒక ఆటేనా?"
"మీ బంతి గుండ్రంగా కూడా ఉండదు" అంటుంది లియోతా.
"అందుకే అది ఎటు పోతుందో దేవుడికీ తెలీదు!"
ఇక డెబ్భై రెండు డిసెంబరు మొదలు.
ఆ బంతి నేలని తాకిందా, తాకలేదా?
ఆ ఒక్క ప్రశ్న మీద మిరోన్ సొంత బావమరిదితో
తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు.
చావింట్లో కలిసి, మళ్ళీ అక్కడే పోట్లాడుకున్నారు.

"ష్!" అన్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్.
మామూలు బంతి, నేల మీద దొర్లుతూ వచ్చింది,
ఏ గులకరాయికి తగిలిందో
పాములా లేచి షార్ట్‌స్టాప్ గొంతు మీద కొట్టింది.
ఆట అక్కడే మలుపు తిరిగింది.
సంచీ భుజానున్న ఓ కుర్రాడు, క్లాసుకి పోతూ ఆగినవాడు,
"ఆ రాయి ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.
ఎవరమూ నవ్వలేదు.
లియోతా కాళ్ళ దగ్గర నేలకేసి చూసింది.

ఆ రోజు లోపల పట్టింది ముప్ఫై ఆరువేల మంది.
"నా కళ్ళారా చూశా" అన్నవాళ్ళు
నాకు ఎదురుపడ్డవాళ్ళే అంతకు మించి ఉంటారు.
కాసిమిర్ ద్రోజ్డ్ ఒక్కడే ఎప్పుడూ ఏమీ అనడు.
అప్పుడు పదిహేనేళ్ళు, వేరుశనక్కాయలమ్మే కుర్రాడు.
ఉన్నాడని అందరికీ తెలుసు, ఫోటో కూడా ఉంది.
ఈ ఏడు, తొమ్మిదో ఇన్నింగ్స్ ముందు,
గొంతు సవరించుకున్నాడు.

"నేను చూళ్ళేదు.
అమ్మేవాడికి ఆటంతా వీపు వెనకాలే.
ఒకాయన రెండు పొట్లాలు తీసుకుని
డబ్బులకి జేబులో చెయ్యి పెట్టాడు.
టక్ మని చప్పుడు.
నా ఎదురుగా వేలమంది గడ్డాలు ఒక్కసారి పైకి లేచాయి,
మెల్లగా, ఒకే తాడుతో లాగినట్టు.
మూడో వరసలో ఒకావిడ తన వేళ్ళు తనే కొరుక్కుంది.
జేబులోని చెయ్యి ఖాళీగా గాల్లోకి లేచింది.
ఆయన నన్నెత్తి గిరగిరా తిప్పాడు, బుట్ట బోర్లా పడింది.
తిరిగి చూస్తే గోడ, గోడవతల చెట్లు.
బంతి లేదు.
ముప్ఫై సెంట్లు. ఇంకా రావాలి నాకు."

మూడు ముప్ఫైఆరు.
టేపులో జనం సముద్రంలా విరుచుకుపడ్డారు.
పది, తొమ్మిది. మారలేదు.
లియోతా పెన్సిల్ చెవి మీద పెట్టుకుంది.
మేమెవరం గోడకేసి చూళ్ళేదు ఈసారి,
ఒకరి గడ్డం ఒకరం చూసుకున్నాం.

మిరోన్ జేబు వెతికి
చిల్లర తీసి కాసిమిర్ అరచేతిలో పెట్టాడు.
ముసలాయన లెక్కపెట్టాడు, సరిపోయింది.
తిరిగి ఇచ్చేశాడు.
"బాకీ నీది కాదు" అన్నాడు.

తర్వాత కుర్చీ మడుస్తూ,
"ఆదివారం మీ ఫుట్‌బాల్ ఎన్నింటికోయ్?"